నిన్నటిదాకా నడిచింది కదా



పోస్ట్ పెద్దదే, ముందే చెప్తున్నాం. కానీ మీ హాస్టల్లో మెస్ లెక్కలకి సీనియర్ల దగ్గర నుంచి వచ్చిన సీ ప్రోగ్రామ్ వాడుతుంటే, ఈ నెల బిల్లులు బోర్డు మీద అంటించే ముందు ఇది చదవండి. ఆ ఫైలు మా దగ్గర నుంచి పెన్‌డ్రైవ్‌లో కనీసం రెండు హాస్టళ్ళకి వెళ్ళింది. అక్కడి నుంచి ఇంకెన్నింటికి వెళ్ళిందో.

మాది డివైడింగ్ మెస్. కొత్తగా చేరిన తమ్ముళ్ళకి తెలియకపోతే: నెలంతా బియ్యం, కూరలు, గ్యాస్, పాలు అన్నింటికీ అయిన ఖర్చుని అందరూ తిన్న రోజుల మొత్తంతో భాగిస్తారు. వచ్చింది రోజు రేటు. ఎవరు ఎన్ని రోజులు తింటే అంత. ఇంటి నుంచి ఎవరైనా వచ్చి తింటే గెస్ట్ భోజనం అని వేరే రేటు, అది ఆ అబ్బాయి బిల్లులో పడుతుంది. మా దగ్గర గెస్ట్‌లంటే సరదాకి వచ్చేవాళ్ళు తక్కువ. పెద్దాసుపత్రికి వచ్చేవాళ్ళే ఎక్కువ. పొద్దున్నే ఓపీ చీటీ లైన్లో నిలబడాలంటే ముందు రోజు రాత్రికే కొండ దిగి రావాలి కదా. ఆ రాత్రి ఎక్కడో తినాలి, ఎక్కడో పడుకోవాలి.

ఈ లెక్కంతా చేసే ప్రోగ్రామ్‌ని ఎప్పుడో ఒక సీనియర్ అన్న టర్బో సీలో రాశాడు. నీలం రంగు స్క్రీన్ తెలుసు కదా, అదే. టర్బో సీలో ఇంట్ అంటే రెండు బైట్లే, 32,767 దాటితే లెక్క మైనస్‌లోకి పోతుంది. నెల ఖర్చు లక్ష దాటుతుంది కాబట్టి అన్న అక్కడ లాంగ్ వాడి, పక్కనే తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో ‘ఇక్కడ ఇంట్ పెట్టొద్దురా’ అని రాసి ఉంచాడు. మేము ఆయన్ని ఎప్పుడూ చూడలేదు, కానీ ఆ లైన్ చదివితే గొంతు వినిపించినట్టే ఉంటుంది. తర్వాత ఇంకో అన్న దాన్ని లైనక్స్‌కి మార్చాడు. క్లియర్ స్క్రీన్, గెట్‌చ్ లాంటివి తీసేశాడు. కంప్యూటర్ పక్కన గోడ మీద ఒక కాగితం అంటించాడు. అందులో కంపైల్ చేసే కమాండ్, కింద ఒక సూచన: ‘ఊదా రంగులో వచ్చే లైన్లు పట్టించుకోవద్దు. ఎర్రగా వస్తేనే చూడండి.’

జీసీసీలో వార్నింగ్ ఊదా రంగులో వస్తుంది, ఎర్రర్ ఎర్రగా వస్తుంది. ఏళ్ళ తరబడి ప్రతిసారీ ఊదా లైన్లు వచ్చేవి. ఎవరూ చదవలేదు. మేమూ చదవలేదు. బిల్లులు వచ్చేవి, బోర్డు మీద అంటించేవాళ్ళం.

మేము ముగ్గురం, మూడో ఏడాది. కంప్యూటర్ కోర్సు చదువుతున్నాం కాబట్టి రీడింగ్ రూమ్‌లో ఉన్న ఆ ఒక్క పాత కంప్యూటర్‌కి మేమే డాక్టర్లం. అక్టోబర్ బిల్లులు అయిపోయాక దానిలో డెబియన్ 12 తీసి డెబియన్ 13కి అప్‌గ్రేడ్ చేశాం. 2025 ఆగస్టులో వచ్చిందది. రాత్రంతా పట్టింది. పొద్దున్న లేచి చూస్తే బాగానే ఆన్ అయింది, మేమే గొప్పవాళ్ళం అనుకున్నాం. దానితోపాటు కంపైలర్ కూడా జీసీసీ 12 నుంచి 14కి మారిపోయిందని ఆ రోజు మాకు పట్టలేదు.

పాత ప్రోగ్రామ్ అప్పటికే కంపైల్ అయి ఉంది కాబట్టి మామూలుగానే నడిచేది. అలాగే వదిలేస్తే ఈ గొడవే ఉండేది కాదు. కానీ నవంబర్‌లో గెస్ట్ భోజనం 50 నుంచి 60 చేశారు. ఆ రేటు కోడ్ లోపలే రాసి ఉంది. మార్చాలి, మళ్ళీ కంపైల్ చెయ్యాలి. డిసెంబర్ మొదటి వారంలో మార్చాం, గోడ మీద కమాండ్ చూసి కొట్టాం.

అంతా ఎరుపు.

ఆరు ఎర్రర్లు. ‘మెయిన్’ ముందు ఇంట్ లేదని ఒకటి. ఎగ్జిట్, స్ట్రింగ్ కంపేర్, టు-అప్పర్, గెట్స్, ఇంకా మన ప్రోగ్రామ్‌లోనే కింద రాసుకున్న బిల్ ప్రింట్ ఫంక్షన్... ఇవేవీ ముందుగా చెప్పకుండా వాడారని మిగతా అయిదు. ‘నిన్నటిదాకా నడిచింది కదరా!’ మా ముగ్గురి నోటి నుంచీ వచ్చిన మాట అదే. కోడ్‌లో మార్చింది ఒక్క అంకె. 50 తీసి 60 పెట్టినందుకు ఆరు ఎర్రర్లా?

ఇప్పుడు తెలిసిన సంగతి చెప్తాం. పాత సీ భాషలో ఒక ఫంక్షన్ ఎలా ఉంటుందో చెప్పకుండా వాడేస్తే, కంపైలర్ ‘ఇది ఇంట్ ఇస్తుందేమోలే’ అని ఊహించుకునేది. 1999లో వచ్చిన స్టాండర్డ్‌లోనే ఈ ఊహ తీసేశారు. ఊహ ఎందుకు ప్రమాదమంటే, ఇప్పటి 64 బిట్ మెషీన్లలో పాయింటర్ ఎనిమిది బైట్లు, ఇంట్ నాలుగు. పాయింటర్ ఇచ్చే ఫంక్షన్‌ని ఇంట్ అనుకుంటే సగం అడ్రస్ తెగిపోతుంది. అయినా పాత కోడ్ అంతా ఆగిపోకూడదని జీసీసీ పాతికేళ్ళు వార్నింగ్‌తోనే సరిపెట్టింది. 2024 మేలో వచ్చిన జీసీసీ 14లో ఇక ఊరుకోలేదు. ఊదా లైన్లు ఎర్రవయ్యాయి. అంటే మాకు కొత్తగా వచ్చిన తప్పు ఒక్కటీ లేదు. అన్నీ పాతవే, రంగు మారింది.

పైగా కొన్ని ఎర్రర్ల కింద మందు కూడా రాసే ఉంది: ఫలానా హెడర్ ఫైల్ కలుపు అని. గెట్స్ దగ్గరయితే ‘ఎఫ్‌గెట్స్ అనబోయావా?’ అని అడుగుతోంది కూడా. చదివితే పది నిమిషాల పని. మేము చదవలేదు. బిల్లులకి ఆ రోజే ఆఖరు. మాలో ఒకడు ఫోన్‌లో వెతికి ‘మైనస్ ఎఫ్ పర్మిసివ్’ అనే ఆప్షన్ పట్టుకొచ్చాడు. అది పెడితే జీసీసీ 14 ఈ ఎర్రర్లని మళ్ళీ వార్నింగ్‌లు చేసేస్తుంది. ఫోన్‌లో ఉన్న కమాండ్‌ని ఉన్నది ఉన్నట్టు కొట్టాడు. ఎరుపు పోయింది, ఊదా వచ్చింది. బిల్లులు ప్రింట్ అయ్యాయి. హమ్మయ్య అనుకుని పడుకున్నాం.

గోడ మీద కమాండ్‌లో ‘మైనస్ ఓ2’ అని ఒక ముక్క ఉండేది. ఫోన్ కమాండ్‌లో అది లేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

మర్నాడు సాయంత్రానికి గొడవ. ఒకే గదిలో ఉండే ఇద్దరు, ఇద్దరూ నెలంతా తిన్నారు, 30 రోజులూ. రోజు రేటు 92. ఒకడికి 2,760 వచ్చింది, ఇంకొకడికి 3,000. వరండా చివరి గదిలో వాళ్ళకి 3,120. బీకాం చదివే ఒక అన్న బోర్డు మీద ఉన్న 42 బిల్లులూ ఫోన్ క్యాలికులేటర్‌లో కూడాడు. 1,13,000 వచ్చింది. ఖర్చుల పుస్తకంలో 1,05,800. 12 గెస్ట్ భోజనాలు కలిపితే ఇంకో 720. అంటే రావలసింది 1,06,520.

‘మరి ఈ 6,480 ఎవడి జేబులోకి?’

ఆ నెల మెస్ సెక్రటరీ ఫస్టియర్ తమ్ముడు. చేరి ఆరు నెలలు కూడా కాలేదు. సెక్రటరీ పని ఎవరూ చెయ్యనంటే వాడు చేస్తానన్నాడు. రాత్రి మీటింగ్ పెట్టారు. వాడు పుస్తకం తెచ్చి ప్రతి చీటీ చూపించాడు. ‘నేను రాసిచ్చిన రోజులు కరెక్టే అన్నా, లెక్క కంప్యూటర్‌లో వేశారు’ అన్నాడు.

అందరూ మా వైపు చూశారు. అప్పుడు మేమన్న మాట ఇది: ‘కంప్యూటర్ లెక్క తప్పదు. ఇచ్చిన అంకెల్లోనే తేడా ఉండి ఉంటుంది.’

ఈ పోస్ట్ రాయడానికి అసలు కారణం ఆ మాట. ఆ మాటతో మీటింగ్ అయిపోయింది. అనేముందు మేమేమైనా చూశామా? లేదు. ముందు రోజు ఆరు ఎర్రర్లు నోరు మూయించి ప్రింట్ తీసిన సంగతి చెప్పామా? లేదు. గుర్తు లేక కాదు. గుర్తుంది. చెప్తే మా పరువు పోతుందనిపించింది.

తర్వాత మూడు రోజులు ఆ తమ్ముడు మెస్‌లో అందరూ తిన్నాక వచ్చి తిన్నాడు. గట్టిగా అరిచిన ఇద్దరికి తన స్కాలర్‌షిప్ డబ్బుల్లోంచి 240 చొప్పున ఇచ్చేశాడట. ఇచ్చాడు కాబట్టి తిన్నాడనే అనుకున్నారు జనం. చెయ్యని తప్పుకి డబ్బు కడితే ఇలాగే అవుతుంది.

విషయం కదిలించింది వంట మాస్టారు. ఆయనకి కంప్యూటర్‌తో పని లేదు. బోర్డు దగ్గర నిలబడి ఎవరో గట్టిగా చదువుతుంటే విన్నాడు. పదో నంబరు అబ్బాయి బిల్లులో గెస్ట్ భోజనాలు నాలుగు అని ఉంది. ‘ఆడికి చుట్టాలెవులొచ్చారు? ఆడి ముందోడికి కదేటి, నాన్న కంటి ఆపరేషన్‌కని వచ్చి రెండ్రోజులున్నాడు. నానే కదా వడ్డించాను’ అన్నాడు.

తొమ్మిదో నంబరు అబ్బాయికి నిజంగానే నాలుగు. పదో వాడికి ఎవరూ రాలేదు. పదకొండో వాడికీ నాలుగు. పన్నెండుకీ నాలుగు. 22 దాకా అందరికీ నాలుగే. 23వ అబ్బాయికి అన్న వచ్చి రెండు పూటలు తిన్నాడు. అక్కడి నుంచి 36 దాకా అందరికీ రెండు. 37వ వాడికి ఆరు, ఆ తర్వాత చివరి అయిదుగురికీ ఆరు. ఒకడి చుట్టాలు వరసలో వెనకున్న వాళ్ళందరి ఇళ్ళకీ వెళ్ళొచ్చినట్టుంది. పదముగ్గురికి 240, పదముగ్గురికి 120, అయిదుగురికి 360. కూడితే సరిగ్గా 6,480.

ఆ రాత్రి ముగ్గురం కంప్యూటర్ ముందు కూర్చున్నాం. ఈసారి తొందర పడలేదు. మా పెన్‌డ్రైవ్‌లో అక్టోబర్ నాటి పాత ప్రోగ్రామ్, కంపైల్ అయినది, అలాగే ఉంది. కొత్తదాంట్లో గెస్ట్ రేటు మళ్ళీ 50 చేసి, ఒకే నవంబర్ ఫైలుని రెండింటికీ ఇచ్చి, వచ్చిన బిల్లుల్ని డిఫ్ కమాండ్‌తో పోల్చాం. 31 లైన్లు తేడా. పాతది సరైన లెక్క ఇచ్చింది. తమ్ముడు రాసిన అంకెల్లో ఒక్క తప్పు లేదు. అప్పటికి రాత్రి పదకొండు. వాడిని లేపి చెబుదామా అనుకున్నాం, కానీ కారణం తెలియకుండా చెప్తే మళ్ళీ ఇంకో అబద్ధం అవుతుందేమో అని ఆగాం. ఇప్పుడు ఆలోచిస్తే అప్పుడే లేపాల్సింది.

మొదటి అనుమానం కొత్త కంపైలర్ మీదే. దాన్ని తిడుతూ, గోడ మీద కమాండ్ పూర్తిగా కొట్టి పక్కన పర్మిసివ్ కలిపాం. బిల్లులు సరిగ్గా వచ్చాయి! ఓ2 తీశాం, తప్పు. పెట్టాం, సరి. మాలో ఒకడి ల్యాప్‌టాప్‌లో ఉబుంటు 22.04 ఉంది, దానిలో జీసీసీ 11. అక్కడ కూడా అంతే: ఓ2 ఉంటే సరి, లేకపోతే తప్పు. ఏళ్ళ కిందటి కంపైలర్ కూడా ఇదే తప్పు చేస్తుంటే కొత్తదాన్ని తిట్టి లాభం లేదు. ఒకే కోడ్ రెండు రకాల జవాబులిస్తుంటే రోగం కోడ్‌లోనే ఉంది. ఇక్కడికి రావడానికి రెండు గంటలు పట్టింది మాకు, ఎందుకంటే అంతకుముందు మేము రెండు సంగతులు ఒకేసారి మార్చాం. కంపైలర్ మారింది, కమాండ్ కూడా మారింది. ఒక్కొక్కటి మార్చి చూసి ఉంటే పది నిమిషాల్లో తేలేది.

లూప్ లోపల ప్రతి అబ్బాయి దగ్గరా ‘గెస్ట్’ విలువ ప్రింట్ అయ్యేట్టు ఒక లైన్ పెట్టాం. అప్పుడు కళ్ళకి కట్టినట్టు కనిపించింది. కోడ్ ఇలా ఉంది: ఫైలు నుంచి చదివిన గెస్ట్ భోజనాల సంఖ్య ‘ఎన్’లో ఉంటుంది. లూప్ లోపల ‘గెస్ట్’ అని ఇంకో వేరియబుల్. ఎన్ సున్నా కన్నా ఎక్కువైతే గెస్ట్‌లో ఎన్ పెట్టు. అంతే. ఎక్కువ కాకపోతే? ఏమీ రాయలేదు. మొదట్లో సున్నా కూడా పెట్టలేదు. ఓ2 లేనప్పుడు ఆ వేరియబుల్ మెమరీలో ఒకే చోట కూర్చుని ఉంటుంది, ముందు అబ్బాయికి పెట్టిన అంకె అక్కడే మిగిలిపోతుంది. కడగని కంచంలో పక్కవాడికి వడ్డించినట్టు. మొదటి ఎనిమిది మందికి ఆ చోట సున్నా ఉండటం వాళ్ళ అదృష్టం.

మరి ఓ2 పెడితే ఎందుకు సరిపోయింది? ఓ2 అంటే ‘వేగంగా నడిచేట్టు చెయ్యి, అందుకు కోడ్‌ని నీకు తగినట్టు సర్దుకో’ అని చెప్పడం. విలువ పెట్టని వేరియబుల్ ఎంత ఉన్నా పర్లేదని అనుకునే హక్కు సీ భాష కంపైలర్‌కి ఇచ్చింది. అప్పుడది, గెస్ట్‌లుంటే ఎన్ పెట్టాలి, లేకపోతే ఏదైనా పర్లేదు, అలాంటప్పుడు రెండు చోట్లా ఎన్ వాడేస్తే పోతుంది కదా అనుకుంది. గెస్ట్‌లు లేనివాడికి ఎన్ ఎలాగూ సున్నా. అలా తప్పు కోడ్‌కి ఏళ్ళ తరబడి సరైన జవాబు వచ్చింది. ఇది మాత్రం ఊదా రంగులో కూడా ఎప్పుడూ రాలేదు. అన్ని వార్నింగ్‌లూ చూపించమని అడిగి, ఓ2 లేకుండా కంపైల్ చేసినా ఈ లైన్ మీద కంపైలర్ నోరెత్తలేదు. తర్వాత ఒక సీనియర్ చెబితే వాల్‌గ్రైండ్ అనే టూల్‌తో నడిపాం. విలువ పెట్టని వేరియబుల్ వాడుతున్నావని అదొక్కటే చెప్పింది.

మార్పు ఎంతంటే, ‘గెస్ట్’ పక్కన ఈక్వల్ టు సున్నా. అదొక్కటే.

పొద్దున్న టిఫిన్ టైమ్‌లో, అందరూ ఉండగానే, మేము లేచి చెప్పాం. కోడ్ గురించి ఎక్కువ చెప్పలేదు. ‘లెక్క తప్పింది మా దగ్గర. ఎర్రర్లు వస్తే చూడకుండా నోరు మూయించి ప్రింట్ తీశాం. తమ్ముడి పుస్తకం కరెక్ట్. మీటింగ్‌లో కంప్యూటర్ తప్పదని చెప్పింది అబద్ధం’ అన్నాం. కొంచెంసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత బీకాం అన్న లేచి వెళ్ళి తమ్ముడి పక్కన కూర్చున్నాడు. వాడు ఇచ్చేసిన 480 మేం ముగ్గురం 160 చొప్పున వేసుకుని వాడి చేతిలో పెట్టాం. తీసుకున్నాడు. మాతో మాట్లాడటానికి ఇంకో వారం పట్టింది. సంక్రాంతి తర్వాత సెక్రటరీ పని మళ్ళీ చేస్తావా అంటే మాత్రం చెయ్యనన్నాడు, మేము బలవంతం చెయ్యలేదు.

తర్వాత ఆరు ఎర్రర్లూ సరిగ్గా కూర్చుని తీశాం. పైనుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే. హెడర్ ఫైళ్ళు కలిపాం, మెయిన్ ముందు ఇంట్ పెట్టాం, బిల్ ప్రింట్ ఫంక్షన్ గురించి పైన ఒక లైన్ రాశాం. గెట్స్ తీసి ఎఫ్‌గెట్స్ పెట్టిన చోట ఒక దెబ్బ తిన్నాం, మీరూ తింటారు, అందుకే చెప్తున్నాం. ఎఫ్‌గెట్స్ మనం కొట్టిన ఎంటర్‌ని కూడా పేరు చివర ఉంచుతుంది. ‘నవంబర్’ అని ఫైలు పేరిస్తే, ఎంటర్‌తో కలిసిన పేరున్న ఫైలు కోసం వెతికి, దొరక్క, ప్రోగ్రామ్ సెగ్మెంటేషన్ ఫాల్ట్ అని పడిపోయింది. చివరి అక్షరం తీసేసే లైన్ ఒకటి రాసుకోవాలి. ఫైలు తెరుచుకుందా లేదా అని చూసే లైన్ కూడా లేదు దాంట్లో, అదీ పెట్టాం. చివర్లో బిల్లుల మొత్తం, ఖర్చు, గెస్ట్ డబ్బులు పక్కపక్కన ప్రింట్ చేసి, తేడా వస్తే బిల్లులు ఇవ్వకుండా ఆగిపోయేట్టు చేశాం. బీకాం అన్న ఫోన్‌లో చేసిన పనే అది. మొదటి నుంచీ ఆ లైన్ ఉండుంటే ఆ మీటింగే జరిగేది కాదు.

ఇంకొకటి. 2025 ఏప్రిల్‌లో వచ్చిన జీసీసీ 15లో సీ స్టాండర్డ్ డిఫాల్ట్‌గా సీ23 అయింది. అందులో బూల్, ట్రూ, ఫాల్స్ భాషలోని సొంత పదాలు. మన ఫైల్లో మొదటి అన్న ఇంట్‌కి బూల్ అని తనే పేరు పెట్టుకున్నాడు, అది అక్కడ ఎర్రర్. జీసీసీ 14లోనే స్టాండర్డ్ సీ23 అని ఆప్షన్ ఇచ్చి ముందుగా చూసుకోవచ్చు. మేము చూసుకుని ఆ లైన్ తీసేశాం. అన్న రాసిన ‘ఇంట్ పెట్టొద్దురా’ కామెంట్ మాత్రం అవసరం లేకపోయినా ఉంచేశాం.

గోడ మీద కాగితం మార్చాం. ఊదా లైన్ ఒక్కటి వచ్చినా బిల్లులు తీయొద్దని రాశాం.

మీ దగ్గర ఇదే ఫైలు ఉంటే, వైల్ లూప్ మొదలయ్యాక ‘ఇంట్ గెస్ట్’ అనే లైన్ వెతకండి. పక్కన సున్నా లేకపోతే పెట్టండి. తర్వాత ఓ2తో ఒకసారి, లేకుండా ఒకసారి కంపైల్ చేసి, పాత నెలల ఫైళ్ళు రెండింటికీ ఇచ్చి డిఫ్ చేసి చూడండి. ఎప్పుడైనా ఎవరికైనా ఎక్కువ బిల్లు వచ్చిందని ఏ సెక్రటరీనైనా అని ఉంటే, ఆ నెల ఫైలు ముందు తియ్యండి. సరిచేసిన కోడ్ కావాలంటే కామెంట్‌లో హాస్టల్ పేరు పెట్టండి, ఆదివారం పంపుతాం.

— రీడింగ్ రూమ్ ముగ్గురం